ఎముక వయస్సు నేల చెప్పవలెను

మొన్నటి వేసవిలో కర్నూలు ప్రాంతపు పల్లె యొకదానికి పోయినప్పుడు, తొమ్మిదవ తరగతి చదువుచున్న పిల్లవాడొకడు, వాగు గట్టునుండి గడ్డపారతో పెకలించి, బావినీళ్లతో కడిగి, ఎండబెట్టి, గుడ్డలో చుట్టి దాచుకొన్న ఎముక ముక్కను, రాతివలె గట్టిపడినదానిని, నా చేతిలో పెట్టి, “తాతా, దీన్ని కార్బన్ టెస్టుకు పంపిస్తే ఎన్ని లక్షల ఏండ్లదో చెప్తారంట గదా?” అని యడిగెను. వాని మాట ముగియకమునుపే ప్రక్కనున్న పెద్దమనిషి యొకరు, బ్రతికియున్న నత్తకు ఆ పరీక్ష చేయగా 27,000 ఏండ్లు వచ్చినవనియు, కావున ఆదిమానవుల యెముకలకు శాస్త్రజ్ఞులు చెప్పు లక్షల లెక్కలన్నియు కల్పితములే యనియు తేల్చివేసిరి. ఒకరిది మితిమీరిన విశ్వాసము, ఒకరిది మితిమీరిన అవిశ్వాసము. రెంటికిని వేరు మాత్ర మొక్కటే. లక్షల యేండ్లనాడు నశించిన మానవజాతుల కాలము, ఎముకకు చేసిన కార్బను పరీక్షవలన తెలియుచున్నదను భ్రమయే ఆ వేరు. మాటలలో నున్నంతకాలము దీనివలన పెద్ద చేటు లేదు గాని, గడ్డపార పట్టుకొని వాగు గట్టున కెక్కిన పిమ్మట ఊరకుండుట తగదు.

1949లో షికాగో విశ్వవిద్యాలయమున విల్లర్డ్ లిబ్బీ బృందము లోకమునకు చూపిన ఆ పద్ధతి, చచ్చిన ప్రాణి దేహమున మిగిలియున్న కార్బను-14ను కొలుచును. ఆ పదార్థము 5,730 ఏండ్ల కొకమారు సగమగుచు పోవును. పదిమారులు సగమైన పిమ్మట మొదటి మొత్తములో వేయింట నొకపాలైనను మిగులదు. కావున సుమారు 50,000 ఏండ్ల కవతల దానితో పని లేదు. ఇథియోపియాలో దొరకిన, 32 లక్షల యేండ్లనాటి లూసీ యను నెముకలగూటి కాలమును ఎవ్వరును కార్బనుతో నిర్ణయింపలేదు. చేయని పరీక్ష తప్పినదని చెప్పి, చేసిన లెక్కను కొట్టివేయుట యెక్కడి న్యాయము? నత్త మాట నిజమే. 1984లో అమెరికాలోని నెవాడా ఊటలలో బ్రతుకుచున్న నత్తల గుల్లలకు ఆ వయస్సు వచ్చినది. అయితే ఆ ఊటనీరు అతిప్రాచీనమైన సున్నపురాళ్లగుండ వచ్చుచుండుటచేత, కార్బను-14 ఏనాడో నశించిన కర్బనముతోనే ఆ నత్తలు గుల్లలు కట్టుకొన్నవని, ఆ సంఖ్యను ప్రకటించిన శాస్త్రజ్ఞుడే ఆ వ్యాసముననే వివరించెను. సంఖ్యను ఊరూర చాటి, దాని ప్రక్కనే యున్న కారణమును విడిచిపెట్టినవారిని క్షమించుట నాకు కష్టముగా నున్నది.

మరి లక్షల యేండ్ల లెక్క యెట్లు వచ్చును? ఎముక పడియున్న నేలను కొలుచుటవలన వచ్చును. తూర్పు ఆఫ్రికాలో అగ్నిపర్వతములు మాటిమాటికి బూడిద క్రుమ్మరించి పొరలు పొరలుగా పరచిపోయినవి. ఆ బూడిదలోని స్ఫటికములందు పొటాసియము-40 అను నొక పదార్థము, 125 కోట్ల యేండ్లకు సగమగునంత మెల్లగా, కొంత ఆర్గాను వాయువుగా మారుచుండును. శిల కరగియున్నంతసేపు ఆ వాయువు వెలికిపోవును. గట్టిపడిననాటినుండి లోపల చిక్కి పోగగును. ఆ పోగును కొలిచినచో బూడిద పడిన కాలము తెలియును. ఎముకకు క్రింద నొక పొరయు పైన నొక పొరయు దొరకెనా, దాని కాలము ఆ రెంటి నడుమ బిగియును. 1959లో ఓల్డువాయి లోయలో మేరీ లీకీ కనుగొన్న కపాలమునకు ఆమె భర్త లూయీ లీకీ 6 లక్షల యేండ్లుండునని యూహింపగా, 1961లో ఎవెర్న్‌డెన్, కర్టిస్ అను నిరువురు దానితోడి బూడిదను కొలిచి 17.5 లక్షలని తేల్చిరి.

గుహలలో అట్టి బూడిద దొరకుట అరుదు. దక్షిణాఫ్రికాలోని రైజింగ్ స్టార్ గుహలో 2013లో బయటపడిన హోమో నలేడీ యను ప్రాచీన మానవజాతి యొక్క చిన్న మెదడును, వంగిన వ్రేళ్లను చూచి అది 20 లక్షల యేండ్లదై యుండునని తలచినవారు కలరు. 2017లో, ఎముకల పొరపై పేరుకొన్న సున్నపుపూతలోని యురేనియమును, పండ్లు భూమినుండి గ్రహించిన వికిరణమును కొలువగా, 3,35,000కును 2,36,000కును నడుమ తేలినది. పంటినే కొలిచిరి గదా యనవచ్చును. అయితే చుట్టునున్న మట్టి యేటేట నెంత వికిరణ మిచ్చెనో తెలియక ఆ లెక్క ముందుకు సాగదు. జాంబియాలోని కాబ్వే గనిలో 1921లో దొరకిన కపాలమునకు పట్టిన గతి చూడుడు: లోహముకొఱకు కొండకు కొండ త్రవ్విపోసిరి, మట్టి లేదు, పొర లేదు, సుమారు 3 లక్షల యేండ్లదని చెప్పుటకు 2020 వరకు వేచియుండవలసి వచ్చినది.

శాస్త్రజ్ఞులు అంకెలు మార్చుచుందురను నిందను మాత్రము నేను పూర్తిగా త్రోసిపుచ్చజాలను. ఇండోనేషియాలోని ఫ్లోరెస్ ద్వీపమున, లియాంగ్ బువా గుహలో 2003లో దొరకిన పొట్టిమానవుడు 18,000 ఏండ్ల క్రిందటి వరకు బ్రతికెనని ప్రకటించి, పదకొండేండ్లు దాటిన పిమ్మట, ఆ యెముకలు 1,00,000 మొదలు 60,000 ఏండ్లనాటివని సవరించుకొనిరి. లోకమంతట పాఠములకెక్కిన పొరపాటది, చిన్నది కాదు. బొగ్గునకు చేసిన కార్బను కొలత సరియైనదే. అయితే పాతపొర కొంత కోసుకొనిపోగా, ఆ కోత ప్రక్కనే క్రొత్తమట్టి వచ్చి నిండినది; బొగ్గు క్రొత్తమట్టిది, ఎముకలు పాతపొరవి. మరల త్రవ్వి ఆ కోతగీతను పట్టుకొన్నవారు ఆ గుహలో పనిచేయుచున్న పరిశోధకులే. అట్లే కెన్యాలో తుర్కానా సరస్సు తీరపు బూడిదకు మొదట 26 లక్షలని చెప్పగా, అక్కడి పందుల శిలాజదంతములు అంత ప్రాచీనములుగా కనబడలేదు. ఏండ్లతరబడి వాదులాడి తుదకు 19 లక్షల కడ కుదిరిరి.

జనులలో తిరుగు తక్కిన భ్రమల కింత చోటు వలదు. ఘటోత్కచుని యస్థిపంజరమని చేతులు మారుచున్న చిత్రము కంప్యూటరుపై అతికించినది. రాక్షసిబల్లులు 6 కోట్ల 60 లక్షల యేండ్ల క్రిందటనే పోయినవి, ఏ మానవుడును వానిని చూడలేదు. లోతుగా నున్నదెల్ల పాతది కాదు. ఎలుకబొరియయు వరదకోతయు చాలును తారుమారు చేయుటకు.

మన నంద్యాల జిల్లా జ్వాలాపురమున, 74,000 ఏండ్ల క్రిందట సుమత్రాలోని టోబా అగ్నిపర్వతము వెదజల్లిన బూడిద పరచుకొనియున్నది. దాని క్రిందను పైనను రాతిపనిముట్లు దొరకినవని పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ మొదలగువారు 2007లో ప్రకటించిరి. వానిని చేసినది ఏ మానవజాతియో చెప్పుటకు ఎముక యొక్కటియు దొరకలేదు. అయినను కాలము తెలిసినది, బూడిద యుండుటచేత. అట్టి బూడిదను అమ్మకమునకై త్రవ్వుకొనిపోవుచున్నారు. కావున మీ వాగులోగాని చేనిలోగాని వింత యెముక, చెక్కినరాయి కనబడినచో పెకలింపకుడు, కడుగకుడు. దానిప్రక్క నొక కఱ్ఱ నిలిపి, గట్టంతయు కనబడునట్లు ఫోటో తీసి, చోటు గుర్తువ్రాసి, పురావస్తుశాఖవారికి తెలుపుడు.

ఆనాడు సాయంకాలము ఆ పిల్లవానితో వాగు గట్టునకు పోయితిని. గడ్డపార గుంటలు నాలుగు కనబడినవి. ఒకటి ఎఱ్ఱమట్టిలో, రెండు గులకరాళ్ల పొరలో, ఒకటి అడుగున తెల్లనిదానిలో. ఎముక దేనిలోనిదని యడిగితిని. వాడు నాలుగింటిని మార్చి మార్చి చూచి, తల వంచుకొనెను.