జీరో చూసుకోండి

బంకులో కుర్రాడు "జీరో చూసుకోండి సార్" అన్నప్పుడల్లా నాకు 1920ల నాటి అమెరికా పంపులు గుర్తొస్తాయి. మనిషికంటే ఎత్తయిన ఇనప స్తంభం, దాని నెత్తిన గాజు గొట్టం, గాజు మీద గ్యాలన్ల గీతలు. పిడి ఊపితే భూమిలోని పెట్రోలు పైకెక్కి గాజులో నిండేది. ఎంతొచ్చిందో కారాయన కళ్లారా చూసుకున్నాక రబ్బరు పైపులోంచి ట్యాంకులోకి వదిలేవారు. పాలవాడి కొలపాత్రలోకి తొంగిచూసే మన ఇల్లాలికి ఆ పంపు నచ్చి ఉండేది.

పెట్రోలు కంటికి కనబడేసరికి రంగుకూ గిరాకీ వచ్చింది. 1923లో ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో 'ఇథైల్' పెట్రోలు అమ్మకం మొదలైంది. ఇంజను కొట్టుకోకుండా అందులో సీసం కలిపారు, గుర్తు కోసం ఎర్రరంగు వేశారు. సీసం విషం. పేరులో మాత్రం దాని ఊసే లేదు! పెట్రోలుకు పెట్టిన పేర్లన్నిట్లోకీ గడుసుపేరు ఇదేనంటాను. మన దేశంలో ఆ సీసం పూర్తిగా పోయేసరికి 2000 సంవత్సరం వచ్చింది.

తర్వాత మీటర్లు వచ్చి గాజును తోసేశాయి. కొనేవాడికి ఇక కనిపించేది బోర్డొక్కటే. షెల్ గవ్వ వెనక నిజంగానే గవ్వల వ్యాపారం ఉంది. లండన్‌లో తండ్రి సముద్రపు గవ్వలు అమ్మేవాడు, కొడుకు మార్కస్ శామ్యూల్ 1897లో చమురు కంపెనీకి ఆ పేరే పెట్టాడు. ఎస్సో అంటే స్టాండర్డ్ ఆయిల్ తొలి అక్షరాలు, ఎస్, ఓ. అంతే.

మా విశాఖది కాల్టెక్స్. కాలిఫోర్నియాలో ఓ ముక్క, టెక్సస్‌లో ఓ ముక్క. 1957లో మల్కాపురంలో రిఫైనరీ మొదలైంది. మా నాన్న అందులో ఫిట్టరు. 1976లో కంపెనీ ప్రభుత్వం చేతికొచ్చింది, 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది. బోర్డు మారింది, యూనిఫాం మీద ముద్ర మారింది. నాన్న బిగించే బోల్టులు మాత్రం అవే.

నేను కాలేజీకొచ్చాక కూడా సాయంత్రమైతే అమ్మ వీధి గుమ్మంలోంచి కేకేసేది: "ఒరే, కాల్టెక్స్ బస్సు వచ్చీసిందేటి?"