మీ ముత్తాత పేరేమిటి?

పిల్లలూ! మీ ముత్తాత పేరు చెప్పగలరా? తెలియకపోతే నాయనమ్మను అడగండి.

గుణదలలో ఒక నాయనమ్మ మనవడితో, "నేను ఏ ఏడు పుట్టానో తెలియదురా! ప్రకాశం బ్యారేజి తెరిచేనాటికి నా పాలపళ్ళు ఊడుతున్నాయి," అన్నదనుకోండి. కృష్ణమీద ఆ బ్యారేజి తెరిచింది 1957 డిసెంబరులో. పాలపళ్ళు ఊడడం మొదలయ్యేది ఆరేళ్ళ ప్రాంతంలో. అంటే ఆమె పుట్టింది సుమారు 1951లో! "దివిసీమ ఉప్పెననాడు మీ నాన్న ఉయ్యాలలో ఉన్నాడు," అంటే అది 1977 నవంబరు.

పూర్వం పిచ్చుకుంట్లవారు ఊరూరా తిరిగి, కొన్ని వంశాల పేర్లు తరతరాలవీ నోటికి చెప్పేవారు. ఇప్పుడు ఆ పని మీది. తల్లిదండ్రులు ఇద్దరు, వారిని కన్నవారు నలుగురు, ఆ నలుగురిని కన్నవారు ఎనమండుగురు. ఈ పధ్నాలుగు పేర్లూ నోటుబుక్కులో రాయండి. నాయనమ్మకు జ్ఞాపకం ఉండగానే అడగండి. ఆమె మరిచిపోతే మరి చెప్పేవారుండరు!