అరవై రోజులు దాటినా అడగకుంటే జైలే!
మేజిస్ట్రేటు, సెషన్స్ కోర్టుల అధికారాలపై అవగాహన అవసరం

వికారాబాద్, తాండూరు: ఇంట్లో ఒకరిని పోలీసులు తీసుకెళ్లారంటే చాలు, కుటుంబ సభ్యులు ఠాణా చుట్టూ, నాయకుల ఇళ్ల చుట్టూ తిరగడం పల్లెల్లో పరిపాటి. అయితే ప్రయాణ సమయం మినహా 24 గంటల్లోగా నిందితుణ్ణి మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలి. అక్కడి నుంచి అతని స్వేచ్ఛపై నిర్ణయం న్యాయస్థానానిదే. ఏ కోర్టుకు ఏ మేరకు అధికారం ఉందో, ఏ రోజు ఏమి అడగాలో తెలియకపోవడం వల్ల పేదలు అవసరానికి మించి జైల్లో మగ్గే ప్రమాదం ఉంది.

1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక సురక్ష సంహిత 2024 జూలై 1న అమల్లోకి వచ్చింది. ఆ తేదీ నాటికే పెండింగులో ఉన్న విచారణలు పాత చట్టం ప్రకారమే కొనసాగుతాయి.

శిక్షకు హద్దులు

ప్రథమ శ్రేణి జ్యుడీషియల్ మేజిస్ట్రేటు మూడేళ్ల వరకు జైలు, రూ.50 వేల వరకు జరిమానా విధించవచ్చు. పాత చట్టంలో జరిమానా పరిమితి రూ.10 వేలు మాత్రమే. చిన్న నేరాలకు సమాజ సేవను శిక్షగా విధించే వీలు కొత్తగా కల్పించారు. చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటు ఏడేళ్ల వరకు శిక్ష విధించగలరు. సెషన్స్ జడ్జి చట్టంలో ఉన్న ఏ శిక్షనైనా విధించవచ్చు. మరణశిక్షను మాత్రం హైకోర్టు ధ్రువీకరించాలి.

ఉదాహరణకు ఇంట్లో దొంగతనానికి చట్టంలో గరిష్ఠ శిక్ష ఏడేళ్లు. ఈ కేసును ప్రథమ శ్రేణి మేజిస్ట్రేటు విచారించవచ్చు గానీ మూడేళ్లకు మించి శిక్ష వేయలేరు. అంతకన్నా కఠిన శిక్ష అవసరమని భావిస్తే తన అభిప్రాయాన్ని నమోదు చేసి, నిందితుణ్ణి చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటుకు పంపాలి.

హత్య వంటి కేసులను సెషన్స్ కోర్టు మాత్రమే విచారించాలి. మేజిస్ట్రేటు ఛార్జిషీటు ప్రతులను నిందితునికి అందజేసి కేసును పైకోర్టుకు అప్పగిస్తారు. వికారాబాద్ జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడినా, జిల్లా న్యాయస్థానం 2022 జూన్ 2న ప్రారంభమైంది. అంతవరకు వికారాబాద్, తాండూరు ప్రాంతాలు రంగారెడ్డి జిల్లా సెషన్స్ పరిధిలో ఉండేవి.

గడువు దాటితే హక్కు

దర్యాప్తు పూర్తికాకుండా నిందితుణ్ణి ఎంతకాలమైనా జైల్లో ఉంచే అధికారం ఏ మేజిస్ట్రేటుకూ లేదు. మరణశిక్ష, యావజ్జీవం లేదా పదేళ్లు, అంతకు మించిన శిక్ష పడే నేరాల్లో 90 రోజులు, మిగిలిన వాటిలో 60 రోజులు గడువు. ఇది అరెస్టు తేదీ నుంచి కాక, తొలి రిమాండు తేదీ నుంచి లెక్కకు వస్తుంది. ఆలోగా ఛార్జిషీటు దాఖలు కాకుంటే, పూచీకత్తు ఇచ్చేందుకు సిద్ధపడిన నిందితుణ్ణి బెయిలుపై విడుదల చేయాల్సిందే. నేర తీవ్రతతో దీనికి సంబంధం లేదు. గంజాయి వాణిజ్య పరిమాణంలో పట్టుబడిన కేసుల్లో మాత్రం ప్రత్యేక చట్టం ప్రకారం గడువు 180 రోజులు.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. తాండూరు నాపరాయి గనుల్లో పనిచేసే కూలీ ఒకరు చోరీ కేసులో రిమాండులో ఉన్నారనుకుందాం. 61వ రోజు బెయిలు కోరితే, 62వ రోజు ఛార్జిషీటు వచ్చినా ఆయన హక్కు చెక్కుచెదరదు. అడగకుండా ఊరుకుంటే, ఛార్జిషీటు దాఖలు కావడంతోనే ఆ హక్కు పోతుంది. మళ్లీ సాధారణ బెయిలుకు దరఖాస్తు చేసుకోవాలి. ఈ బెయిలును నోటిమాటగా కోరినా చాలునని 2017లో రాకేశ్‌కుమార్ పాల్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

లగచర్ల కేసులో..

2024 నవంబరు 11న దుద్యాల మండలం లగచర్లలో భూసేకరణపై అభిప్రాయ సేకరణకు వెళ్లిన కలెక్టర్‌పై దాడి జరిగిందన్న కేసులో కొడంగల్ మాజీ ఎమ్మెల్యే పట్నం నరేందర్‌రెడ్డితో పాటు పలువురు రైతులు అరెస్టయ్యారు. కొడంగల్ కోర్టు ఇచ్చిన రిమాండు ఉత్తర్వును సవాలు చేస్తూ మాజీ ఎమ్మెల్యే హైకోర్టును ఆశ్రయించగా పిటిషన్‌ను కొట్టివేసింది. బెయిలు దరఖాస్తును యోగ్యతల ఆధారంగా పరిష్కరించాలని కింది కోర్టుకు సూచించింది. చివరకు డిసెంబరు 18న నాంపల్లి ప్రత్యేక కోర్టులో ఆయనకు, రైతులకు బెయిలు లభించింది. బెయిలుకు తొలి మెట్టు కింది కోర్టేనని ఈ ఉదంతం తెలుపుతోంది.

విచారణలోనూ విస్తృత అధికారం

ఛార్జిషీటులో పేరు లేని వ్యక్తి ప్రమేయం సాక్ష్యాల్లో బయటపడితే, అతణ్ణి కూడా నిందితుడిగా పిలిపించే అధికారం విచారణ కోర్టుకు ఉంది. తీర్పుకు ముందు ఏ దశలోనైనా సాక్షులను తిరిగి పిలిపించవచ్చు, అభియోగాలను మార్చవచ్చు. కనుక పోలీసులు రాసిందే తుది మాట కాదని బాధితులు గ్రహించాలి.

ఇవి మరవొద్దు

* తొలి రిమాండు తేదీ, కేసు నంబరు, సెక్షన్లు రాసి ఉంచుకోవాలి.
* గడువు ముగిసిన మరుసటి రోజే న్యాయవాది ద్వారా బెయిలు కోరాలి.
* నిర్బంధంలో ఉన్నవారు, మహిళలు, ఎస్సీ, ఎస్టీలు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. వికారాబాద్‌లోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థను సంప్రదించవచ్చు. 15100 నంబరుకు ఫోన్ చేసినా సహాయం అందుతుంది.