పాత కంప్యూటర్‌లో వీడియో ఎడిటింగ్ ఎందుకు స్ట్రక్ అవుతుంది? వేగం తేవడం ఎలా?

“మామయ్యా, టైమ్‌లైన్ మీద క్లిప్ పెడితే చాలు, స్ట్రక్ అయిపోతోంది. డెస్క్‌టాప్ నిండా ఫైళ్లు పెట్టుకున్నాను, అందుకేనంటావా? ఫార్మాట్ కొట్టేయనా?” అని మా మేనల్లుడు ఫోన్ చేశాడు. పొలం పనుల వీడియోలు తీసి యూట్యూబ్‌లో పెడుతుంటాడు వాడు. ల్యాప్‌టాప్ 2015 నాటిది. 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్. పెళ్లి వీడియోలు చేసే చిన్న స్టూడియోల వాళ్లు కూడా నన్ను ఇదే అడుగుతుంటారు కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

ఫార్మాట్ వద్దన్నాను. డెస్క్‌టాప్ మీద వంద ఐకాన్లున్నా ఎడిటింగ్‌కు పెద్దగా అడ్డురావు. ఫార్మాట్ కొడితే రెండు రోజులు హాయిగా ఉంటుంది, మళ్లీ 4కే క్లిప్ పెట్టగానే కథ మొదటికొస్తుంది. అసలు బరువు వీడియోలోనే ఉంది.

అదెలాగో తెలియాలంటే కిరాణా కొట్టు ఖాతా పుస్తకం గుర్తు చేసుకోండి. ఒకటో తారీఖున పాత బాకీ మొత్తం రాస్తారు. ఆ తర్వాత ఏ రోజుకారోజు ఏం తీసుకున్నారు, ఎంత కట్టారు, అంతే. పదిహేడో తారీఖున బాకీ ఎంతో చెప్పాలంటే ఒకటో తారీఖు నుంచి కూడుకుంటూ రావాలి. ఫోన్ వీడియోను దాచేదీ ఇలాగే. 2003లో వచ్చిన హెచ్.264 గానీ, 2013లో వచ్చిన హెచ్‌ఈవీసీ గానీ, మామూలుగా ఎక్కడో ఒక ఫ్రేమ్‌ను పూర్తిగా రాసి, మధ్యలో ఉన్నవాటిలో మారిందేమిటో మాత్రం రాస్తాయి. ఫైలు చిన్నదవడానికి కారణం అదే. ఊరికే చూస్తున్నంతసేపూ వరసగా కూడుకుంటూ పోతుంది, ఇబ్బంది లేదు. ఎడిటింగ్‌లో మనం అలా ఊరుకోం కదా. ముందుకు లాగుతాం, వెనక్కి లాగుతాం, నడిమధ్య కత్తిరిస్తాం. లాగిన ప్రతిసారీ ప్రాసెసర్ వెనక ఎక్కడో ఉన్న పూర్తి ఫ్రేమ్ దగ్గరికి వెళ్లి మళ్లీ కూడుకుంటూ రావాలి.

దానికి తోడు సైజు. 4కే ఫ్రేమ్ ఒక్కదానిలో దాదాపు 83 లక్షల చుక్కలుంటాయి. మావాడు సెకనుకు 60 ఫ్రేమ్‌లు పెట్టి తీశాడు, అంటే సెకనుకు దాదాపు 50 కోట్ల చుక్కలు. వాడి ల్యాప్‌టాప్ తెర 1366 బై 768. అంత చుక్కల పంటను చూపించే చోటు కూడా ఆ తెరలో లేదు! పైగా ఫోన్‌లో హెచ్‌డీఆర్ ఆన్ చేసి ఉంది, వీడియో 10 బిట్‌లో వస్తోంది. 2015లో వచ్చిన ఇంటెల్ ఆరో తరం ప్రాసెసర్లు 8 బిట్ హెచ్‌ఈవీసీని తమలోని ప్రత్యేక సర్క్యూట్‌తో సులువుగా విప్పుతాయి. 10 బిట్‌కు ఆ వసతి ఏడో తరంతోనే వచ్చింది. వసతి లేనప్పుడు ఆ పనంతా ప్రాసెసర్ నెత్తిన పడుతుంది.

కాబట్టి ఏదైనా కొనే ముందు, ఏదైనా చెరిపే ముందు, ఎక్కడ ఇరుక్కుంటోందో చూడండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. దాన్ని పక్కన పెట్టుకుని, స్ట్రక్ అయ్యే క్లిప్‌నే ప్లే చేయండి. సీపీయూ 100 శాతానికి అంటుకుపోతే వీడియో విప్పడమే కష్టమవుతోందని అర్థం. మెమరీ నిండితే బ్రౌజర్ ట్యాబ్‌లు మూసేయండి. లేదంటే విండోస్ ర్యామ్‌లో పట్టనిదాన్ని డిస్క్‌లోకి నెడుతుంది, అది ఇంకా నెమ్మది. మావాడి ల్యాప్‌టాప్‌లో సీపీయూ, డిస్క్ రెండూ 100 దగ్గరే ఉన్నాయి. రెండు జబ్బులన్నమాట.

మొదటిదానికి మందు ప్రాక్సీ. అసలు వీడియోను ముట్టుకోకుండా దానికో చిన్న నకలు చేసి, ఆ నకలు మీద ఎడిటింగ్ చేయడమే ప్రాక్సీ అంటే. 960 బై 540 నకలులో చుక్కలు 4కేలో పదహారో వంతే. ప్రోరెస్ లాంటి ఫార్మాట్‌లో చేస్తే ప్రతి ఫ్రేమ్ పూర్తిగా ఉంటుంది, అంటే ఏ తారీఖు బాకీ ఆ తారీఖు కిందే రాసి ఉన్నట్టు. ప్రీమియర్ ప్రో, డావిన్చీ రిజాల్వ్, ఉచితంగా దొరికే షాట్‌కట్, కేడెన్‌లైవ్, అన్నింటిలోనూ ఈ సదుపాయం ఉంది. నకళ్లు తయారవడానికి చాలాసేపు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి. చివర్లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ అసలు వీడియోనే తీసుకుంటుంది, నాణ్యత తగ్గదు. “ప్రాక్సీలతోనే ఎక్స్‌పోర్ట్ చేయి” అనే టిక్ పడి ఉందేమో ఒక్కసారి చూసుకుంటే చాలు. ప్రాక్సీకి ఓపిక లేకపోతే ప్రివ్యూ నాణ్యతను సగానికో పావుకో తగ్గించండి, కొంత నయం. ఇకమీదట తీసేవాటికి హెచ్‌డీఆర్ ఆపేసి, 1080పీ, 30 ఫ్రేమ్‌లు పెట్టుకోమన్నాను. ఫోన్‌లో చూసే జనానికి అది చాలు.

రెండో జబ్బు డిస్క్‌ది. చెత్త నిజంగా దెబ్బ కొట్టేది ఇక్కడ. వాడి సీ డ్రైవ్‌లో 4 జీబీయే మిగిలింది. వెతికితే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తన అవసరానికి దాచుకున్న మీడియా క్యాష్ ఒక్కటే 60 జీబీ దాటింది! ఎప్పుడో పూర్తయిన వీడియోల తాలూకుది కూడా అందులోనే పడి ఉంది. క్యాష్ ఫోల్డర్‌ను వెతుక్కుని చేత్తో తుడవకుండా, సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో ఉన్న బటన్‌తోనే ఖాళీ చేయండి. అసలు వీడియోలకు ఏమీ కాదు, కావలసింది మళ్లీ అదే తయారుచేసుకుంటుంది. డౌన్‌లోడ్స్, రీసైకిల్ బిన్ సరేసరి. సీ డ్రైవ్‌లో ఐదో వంతయినా ఖాళీ ఉంచాలన్నది నేను పాటించే లెక్క.

ఆ తర్వాత డబ్బు పెట్టాలంటే ఎస్‌ఎస్‌డీకే పెట్టండి. పాత హార్డ్‌డిస్క్ సెకనుకు 100, 150 ఎంబీ చదివితే, మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ 500 దాకా చదువుతుంది. హార్డ్‌డిస్క్‌లో చదివే ముళ్లన్నీ ఒకే చేయితో కలిసి కదలాలి. విండోస్, ఫుటేజ్, క్యాష్, ప్రాజెక్టు నాలుగూ ఒకే డిస్క్‌లో ఉంటే ఆ చేయి నాలుగు దిక్కులా పరుగెత్తాలి. ఎస్‌ఎస్‌డీలో అలా కదిలేదేమీ లేదు. తీసిన హార్డ్‌డిస్క్‌కు యూఎస్‌బీ కేస్ తొడిగి, పూర్తయిన వీడియోలు దాచుకోవచ్చు.

ఫ్యాన్‌లో దుమ్ము కూడా తీయించండి. వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. ర్యామ్ పెంచుతాం, రిజిస్ట్రీ శుభ్రం చేస్తాం అనే యాప్‌ల జోలికి మాత్రం పోవద్దు. అసలే మూలిగే యంత్రం, దాని మీద అవో తాటికాయలు.

చివరిగా ఒక్క మాట. ఖాళీ కోసం ఫుటేజ్ ఫోల్డర్ మీద చెయ్యి వేయాల్సి వస్తే, ముందు దాన్ని వేరే డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ కాపీలో రెండు మూడు క్లిప్‌లు ప్లే చేసి చూశాకే డిలీట్ నొక్కండి. ప్రాజెక్టు ఫైల్ ఉంది కదా అని ధైర్యపడకండి. అందులో వీడియో ఉండదు, వీడియో ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పే చిరునామా మాత్రమే ఉంటుంది.