పసిపిల్లల చొక్కాకున్న చిన్న చీటీ

హన్నా ఏటేటా షిలోహుకు వెళ్లేటప్పుడు సమూయేలు కొరకు తానే కుట్టిన అంగీని తీసుకొని వెళ్లేదని 1 సమూయేలు 2వ అధ్యాయంలో చదువుతాము. కుట్టినది ఆమే కనుక దానిని ఎలా ఉతకాలో ఎవరూ చెప్పనక్కరలేదు. నేడు మన పిల్లలకు తొడిగే బట్టలు ఎక్కడో, ఎవరో కుట్టినవి. వాటిని ఎలా ఉతకాలో కుట్టినవారు చెప్పే మాట మెడ వెనుకనో, ప్రక్క కుట్టులోనో ఉన్న చిన్న చీటీ మీద ఉంటుంది. చాలామంది తల్లులు దానిని చదువకుండానే కత్తిరించి పారవేస్తుంటారు.

బొమ్మల భాష

ఈ గుర్తులను వాడుకలోకి తెచ్చిన జినెటెక్స్ అనే సంస్థ 1963లో పారిస్‌లో ఏర్పడింది. అక్షరాలు రాని అమ్మమ్మ కూడా గుర్తుపట్టగల బొమ్మలివి.

తొట్టి బొమ్మలో 40 అని ఉంటే గోరువెచ్చని నీళ్లు చాలును, అంతకు మించిన వేడి పనికిరాదు. తొట్టిలో చెయ్యి ఉంటే బండకేసి బాదక, చేతితో మెల్లగా పిండాలి. త్రికోణం మీద ఇంటూ గుర్తు ఉంటే బ్లీచింగ్ వాడరాదు. ఇస్త్రీపెట్టెలో ఒక చుక్క ఉంటే తక్కువ వేడి, మూడు చుక్కలుంటే ఎక్కువ వేడి. చతురస్రం మూలలో ఏటవాలు గీతలుంటే నీడలో ఆరవేయాలి.

చీటీ పసివాని మెడకు గుచ్చుకుంటే తీసివేయవచ్చు. అయితే పారవేయకుండా ఒక నోటుపుస్తకంలో అంటించి, ఏ చొక్కాదో ప్రక్కన వ్రాసి ఉంచండి.

మన నీళ్ల సంగతి

నల్గొండ జిల్లా అనగానే ఫ్లోరైడు గుర్తుకు వస్తుంది. కాని ఉతుకుడు దగ్గర మనకు అడ్డు వచ్చేది అది కాదు. నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువైతే సబ్బు నురగ రాదు. సబ్బు ఆ లవణాలతో కలిసి జిడ్డు తెట్టెగా మారి నూలు పోగులలో చిక్కుకుంటుంది. హాలియా చుట్టుప్రక్కల ఊళ్లలో బోరు నీళ్లతో ఉతికే తల్లులు నురగ రావడం లేదని ఇంకా సబ్బు రుద్దితే ఆ తెట్టె పెరుగుతుందే గాని తగ్గదు. గుడ్డ గరుకై, పసివాని తొడల సందున, మెడ మడతలలో ఒరుసుకొని ఎర్రబడుతుంది. కాబట్టి సబ్బు తక్కువ, జాడింపు ఎక్కువ అన్నది మన నియమం కావాలి. మూడుసార్లు జాడించండి. చివరి నీళ్లు తేటగా ఉండాలి, గుడ్డ చేతికి జారుడుగా తగలకూడదు.

అమెరికాలో ఉన్న బంధువులు పంపే పిల్లల రాత్రి దుస్తులను మరింత జాగ్రత్తగా చూడాలి. నిప్పు త్వరగా అంటుకోని గుడ్డతో కుట్టిన కొన్నిటిపై సబ్బు వాడవద్దని వ్రాసి ఉంటుంది. సబ్బు తెట్టె పేరుకుంటే ఆ గుడ్డకున్న రక్షణ తగ్గిపోతుంది. కట్టెల పొయ్యి వెలిగే ఇంట్లో ఇది చిన్న మాట కాదు. అటువంటి వాటికి డిటర్జెంటు పొడి మేలు.

చీటీ చెప్పనివి

పాత పంచె, పాత చీర చించి చేసిన పొత్తిగుడ్డలకు చీటీ ఉండదు. తెల్లని నూలు గుడ్డలైతే మరిగే నీటిని తట్టుకుంటాయి. ఉడికించి, జాడించి, ఎండలో ఆరవేయండి.

పెద్దబిడ్డ బట్టలు చిన్నబిడ్డ కొరకు పెట్టెలో దాచేటప్పుడు కలరా ఉండలు వేయడం మన ఇళ్లలో ఉన్న అలవాటు. ఇది అపాయకరం. ఆ ఉండలలోని నాఫ్తలీను ఆవిరి బట్టలకు పట్టి, శ్వాస ద్వారా, చర్మం ద్వారా పసివాని ఒంట్లోకి పోతుంది. నూనె రాసిన ఒంటికి ఇంకా సులువుగా పడుతుంది. జి6పిడి అనే ఎంజైము లోపంతో పుట్టిన బిడ్డలకు దీనివలన ఎర్ర రక్తకణాలు పగిలిపోయి కామెర్లు తీవ్రమవుతాయి. అవి మెదడును సైతం దెబ్బతీయగలవు. ఆ లోపం పైకి చూస్తే తెలిసేది కాదు. కనుక ఏ బిడ్డ బట్టలలోనూ కలరా ఉండలు వద్దు. బాగా ఎండబెట్టి శుభ్రమైన గుడ్డలో మూటగట్టితే చాలును. బిడ్డ కళ్లు పచ్చబడితే నాటుమందులతో కాలం గడపక, వెంటనే ఆస్పత్రికి తీసుకొని వెళ్లండి.

ఇంకొక మాట తండ్రులకు. 1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలాక మన ప్రాంతంలో వరి పెరిగింది, దానితో మందు కొట్టే పనీ పెరిగింది. పురుగుమందు కొట్టిన చొక్కా, లుంగీ పసివాని గుడ్డలతో ఒకే బకెట్టులో నానవేయకూడదు. వాటికి వేరే బకెట్టు, వేరే దండెం ఉండాలి. కాలువలో ఉతుకవద్దు, దిగువన ఆ నీళ్లు వాడుకునేవారున్నారు. స్నానం చేసి బట్టలు మార్చుకొన్న తరువాతనే బిడ్డను ఎత్తుకోండి.

తల్లులారా, నోరులేని పసివాడు తన ఒంటికి ఏమి గుచ్చుకుంటున్నదో చెప్పలేడు, ఏడ్వడం ఒక్కటే వానికి తెలిసిన భాష. ఈ వారం స్త్రీల సమాజ కూడికకు వచ్చేటప్పుడు ఒక్కొక్కరు ఒక చిన్న చొక్కా తీసుకొని రండి. చదువు వచ్చినవారు రానివారికి ఆ చీటీలోని బొమ్మలు విప్పి చెప్పండి. బేత్లెహేములో పొత్తిగుడ్డలలో చుట్టబడిన ప్రభువు, మన బిడ్డలకు మనం చేసే ఈ చిన్న సేవను కూడా తన నామమున చేసిన పరిచర్యగా అంగీకరించును గాక.