పని నేర్చుకోడానికి పిల్లల్ని జపాన్ పంపుతున్నారా?

ఇంజనీరింగ్ చదివినవాళ్ళే విమానం ఎక్కుతారనుకునే రోజులు పోయాయి. ఐ.టి.ఐ.లో ఫిట్టరో, వెల్డరో చేసిన అబ్బాయి, నర్సింగ్ నేర్చుకున్న అమ్మాయి కూడా "అమ్మా, జపాన్‌లో పని నేర్పిస్తారట, జీతం కూడా ఇస్తారట" అంటున్నారు. వినగానే సంతోషంతో పాటు గుండెల్లో గుబులు కూడా సహజమే. కాగితాల మీద సంతకాలు ఎవరు పెట్టినా, ఖర్చులకని తాకట్టుకి వెళ్ళేది మాత్రం మీ మెళ్ళో గొలుసే కదా! అందుకే ఈ సంగతులు ముందుగా మీరు తెలుసుకోవాలి.

ఏమిటీ పథకం?

ఇతర దేశాల యువతకు తమ ఫ్యాక్టరీల్లో, పొలాల్లో, కట్టడాల దగ్గర పని నేర్పి తిరిగి పంపాలని జపాన్ 1993లో 'టెక్నికల్ ఇంటర్న్ ట్రైనింగ్' పథకం మొదలుపెట్టింది. మన దేశం 2017 అక్టోబరులో ఇందుకు ఒప్పందం చేసుకుంది. వృద్ధులకు సేవ చేసే పని కూడా ఆ ఏడాదే ఇందులో చేరింది. ఏడాది తర్వాత ఒక పరీక్ష ఉంటుంది. అది పాసైతే మరో రెండేళ్ళు, ఆపైన అర్హతను బట్టి ఇంకో రెండేళ్ళు. మొత్తం ఐదేళ్ళకి మించదు. పెళ్ళైనవాళ్ళు కుటుంబాన్ని వెంట తీసుకెళ్ళే వీల్లేదు.

2024లో జపాన్ పార్లమెంటు కొత్త చట్టం చేసింది. దాని ప్రకారం 2027 ఏప్రిల్ నుంచి ఈ పథకం స్థానంలో మరో పథకం వస్తుంది. కాబట్టి "మా వాణ్ణి ఏ పథకం కింద పంపుతున్నారు?" అన్నదే మీ మొదటి ప్రశ్న కావాలి.

అప్పు చేసి పంపకండి

పాత పథకంలో పెద్ద చిక్కు ఒకటుంది. చేరిన చోట యజమాని మంచివాడు కాకపోయినా, పిల్లలు తమంతట తాము మరో చోటికి మారడానికి మామూలుగా ఒప్పుకోరు. ఇంటి దగ్గర అప్పు నెత్తిన ఉంటే ఆ పిల్లవాడు ఏం చేస్తాడు? నోరు మూసుకుని భరిస్తాడు, లేదా పారిపోతాడు. అలా వివిధ దేశాల నుంచి వెళ్ళినవాళ్ళు ఏటా వేలమంది పనిచోటు వదిలి వెళ్ళిపోయారు. ఆ తర్వాత దొంగచాటు బతుకే. కొత్త పథకంలో ఒకటి రెండేళ్ళు పనిచేశాక కొన్ని షరతుల మీద మారనిస్తారు. అయినా అప్పు అప్పే. వడ్డీ వ్యాపారికి అవేమీ పట్టవు!

సంతకానికి ముందు అడగండి

* పంపే సంస్థకి ప్రభుత్వ గుర్తింపు ఉందా? మన దేశంలో ఈ పథకాన్ని నేషనల్ స్కిల్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ చూస్తోంది. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ విదేశీ ఉద్యోగాల కోసం ఉన్న ప్రభుత్వ సంస్థలు. అక్కడా ఒకమాట విచారించండి.

* ఏ ఊరు, ఏ కంపెనీ, ఏ పని? వెల్డింగ్ నేర్చినవాడిని చేపల ప్యాకింగ్‌కి పంపితే వాడు నేర్చుకునేదేముంది? ఒప్పందం కాగితం వాడి ఐ.టి.ఐ. ఇన్‌స్ట్రక్టరుకి చూపించి చదివించుకోండి.

* చేతికొచ్చేది ఎంత? శిక్షణలో ఉన్నవాళ్ళకీ అక్కడి కనీస వేతన చట్టం వర్తిస్తుంది. కానీ జీతంలోంచి గది అద్దె, పన్ను, ఆరోగ్య బీమా, పెన్షన్ పోతాయి. వెళ్ళిన కొత్తలో క్లాసులు జరిగే రోజుల్లో జీతం ఉండదు, భత్యం మాత్రమే ఇస్తారు.

* కట్టిన ప్రతి రూపాయికీ రసీదు ఇస్తారా? పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది? యజమాని పాస్‌పోర్టు లాక్కోవడం, మధ్యలో మానేస్తే జరిమానా అని రాయించుకోవడం జపాన్ చట్టం ప్రకారం నేరం.

భాష, వంట రెండూ రావాలి

జపనీస్ పరీక్షల్లో ఎన్-5 అన్నిటికన్నా సులువు, ఎన్-1 కష్టం. ఈ పథకంలో వృద్ధుల సేవకి వెళ్ళాలంటే ఎన్-4 స్థాయి తప్పదు. భాషని తేలిగ్గా తీసుకోనివ్వకండి. మెషిన్ దగ్గర ఎవరైనా "ఆగు!" అని అరిస్తే అర్థం కావాలి మరి.

అబ్బాయైనా సరే అన్నం, పప్పు, రెండు కూరలు వండటం ఇప్పుడే నేర్పండి. అక్కడి పులుసుల్లో చాలావాటికి చేపల రసమే ఆధారం. శాకాహారులు చూసుకోవాలి. ఇక్కడి మిక్సీ, రైస్ కుక్కర్ సర్దకండి. అక్కడి కరెంటు 100 వోల్టులే, మనవి సరిగ్గా పనిచెయ్యవు. మాంసం పచ్చళ్ళు, పచ్చి పళ్ళు కూడా వద్దు, విమానాశ్రయంలో పట్టుకుంటారు. చెత్తని రకాల వారీగా వేరుచేసి, దేని రోజున దాన్నే బయట పెట్టాలి. ఈ అలవాటు మీ వంటింట్లోనే మొదలుపెట్టించండి. ఫోను చేసేటప్పుడు అక్కడి గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందుంటుందని గుర్తుంచుకోండి. మీ రాత్రి తొమ్మిది వాళ్ళకి పన్నెండున్నర!

తిరిగొచ్చేటప్పుడు

ఆరు నెలలకి పైగా పెన్షన్ కట్టినవాళ్ళు జపాన్ వదిలిన రెండేళ్ళలోపు అర్జీ పెట్టుకుంటే అందులో కొంత సొమ్ము వెనక్కి వస్తుంది. ఆ పెన్షన్ కాగితాలు, పరీక్షలు పాసైన సర్టిఫికెట్లు జాగ్రత్తగా తెమ్మని చెప్పండి.

పిల్లల్ని వెళ్ళొద్దని ఆపనక్కర్లేదు. చేతిలో పనీ, నోట్లో భాషా, వెనక అప్పులేని ఇల్లూ ఉంటే, ఏ దేశంలోనైనా మీ బిడ్డ తలెత్తుకునే తిరుగుతాడు.