కె-పాప్ అభిమానుల వాదములు: విమర్శగా వాని స్వరూపము

దక్షిణ కొరియాలో 1990 తరువాత రూపొంది, నేడు ప్రపంచమంతట వ్యాపించిన జనప్రియ గీతనృత్య సంప్రదాయమునకు కె-పాప్ అని పేరు. ఇందలి ప్రదర్శకులను 'ఐడల్' అందురు. సంస్థ యొకటి బాలబాలికలను ఎన్నుకొని, గానమునందును నృత్యమునందును సంవత్సరముల తరబడి శిక్షణ యిచ్చి, బృందములుగా కూర్చి రంగమునకు తెచ్చును. ఈ బృందములను గూర్చి అభిమానులు చేయు వాదోపవాదములకు అంతు లేదు. వానిని వట్టి యిష్టానిష్టముల కలహములని త్రోసివేయుట సులభమే. కాని పరిశీలించినచో వానియందు సాహిత్య విమర్శకులకు చిరపరిచితములైన ప్రశ్నలే కనిపించును. కృతికి కర్త యెవరు? దాని భాష యేది? గుణమును కొలుచు మానమేది? రసికునకు కళాకారునిపై గల హక్కెంత? తుది ప్రశ్న తక్కిన మూడింటికంటె బరువైనది. ఏలయన, కె-పాప్‌లో అభిప్రాయము కృతి పూర్తియైన పిదప పుట్టి ఊరకుండదు; అది కృతి నిర్మాణమునందును, కళాకారుని బ్రతుకునందును ప్రవేశించి ఫలితము లిచ్చుచున్నది.

ఈ లక్షణము ఆరంభముననే కాననగును. 1992లో సియో తైజీ అను యువకుడు మరి యిద్దరితో కలిసి ఒక టెలివిజను కార్యక్రమమున, రాప్ రీతిని కొరియా భాషకు అన్వయించిన పాటను వినిపించెను. న్యాయనిర్ణేతలు తక్కువ మార్కులు వేసిరి. యువజనులు మాత్రము ఆ పాటను నెత్తిన బెట్టుకొనిరి. పండితుల తీర్పునకును శ్రోతల తీర్పునకును గల యెడము ఆనాడు బయటపడినది. 1995లో ఆ బృందము వారి నాల్గవ ఆల్బమునందలి ఒక పాట సాహిత్యమును మార్పవలెనని ప్రభుత్వ పరిశీలక సంఘము కోరెను. సియో తైజీ మాటలను మార్చుటకు బదులు వానిని పూర్తిగా తొలగించి, వట్టి వాద్యసంగీతముగా ఆ పాటను వెలువరించెను. అభిమానులు గట్టిగా నిరసన తెలిపిరి. పాటలకు ముందస్తు పరిశీలన కూడదని గాయకుడు చొంగ్ తే-చున్ అంతకు పూర్వమునుండియే పోరాడుచుండెను. 1996లో ఆ పద్ధతి రద్దయినది. అభిమానుల మాట ఇట్లు తొలినాళ్లలోనే శాసన చరిత్రతో ముడివడినది.

నేటి అర్థమున ఐడల్ బృందములకు మొదటిదిగా చెప్పబడు హెచ్.ఓ.టి.ని ఎస్.ఎం. సంస్థ 1996లో ప్రవేశపెట్టెను. మరుసటి యేడు జెక్స్ కీస్ అను ప్రతిస్పర్ధి బృందము వచ్చెను. మొదటివారి అభిమానులు తెల్లని బుడగలను, రెండవవారి అభిమానులు పసుపుపచ్చని బుడగలను పట్టుకొని సభలకు వచ్చెడివారు. రంగు పక్షమునకు గురుతైనది. నాటినుండి పక్షములేని శ్రోత అరుదయ్యెను.

అభిమానుల పదజాలము

ఈ వాదములలో వాడుకయగు మాటలు భాషావేత్తలకు ఆసక్తి గొల్పును. కొరియా భాషలోని సోదరవాచకములు తెలుగునందువలె జ్యేష్ఠ కనిష్ఠ భేదమును పాటించును. అయితే జ్యేష్ఠులను పిలుచు మాటలు పలుకువారు స్త్రీయా పురుషుడా యనుదానిని బట్టియు మారును. అన్నను చెల్లెలు 'ఒప్పా' అనియు, తమ్ముడు 'హ్యొంగ్' అనియు పిలుతురు. అక్కను చెల్లెలు 'ఒన్ని' అనియు, తమ్ముడు 'నూనా' అనియు పిలుతురు. గాయకుడు చో యొంగ్-పిల్ సభలకు 1980 తరువాత గుంపులుగా వచ్చిన యువతులకు 'ఒప్పా సేన' యను పేరు కలిగినది. ఆ ఒప్పా పదమే తెగి, 'ప్పా' యను తునకగా గాఢాభిమానిని తెలుపు ప్రత్యయమైనది. దీనికి ఎదురు మాట 'క్కా'. తొక్క యొలుచుట యను అర్థముగల క్రియనుండి పుట్టి, ఇది దోషములెన్నువానిని తెలుపును. వాదమునందలి రెండు పక్షములకును ఒక్కొక్క అక్షరమే పేరైనది.

మరియొక కుటుంబము 'దొక్' అను మాటది. జపాను భాషలోని 'ఒతాకు' కొరియాలో 'ఒదొఖు' యై, తుదకు 'దొక్' అను ఏకాక్షరముగా మిగిలినది. చీనా మూలమైన ప్రవేశవాచకముతో కలిసి 'ఇప్దొక్' అభిమానములో అడుగిడుటను, విముక్తివాచకముతో కలిసి 'తల్దొక్' దానిని విడనాడుటను తెలుపును. జపాను ధాతువు, చీనా ఉపసర్గ, కొరియా ఉచ్చారణ ఒకే మాటలో పొసగిన విధము సమాస విచారమునకు మంచి యుదాహరణము. 2021లో ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువు చేర్చుకొన్న 26 కొరియా సంబంధ పదములలో ఒప్పా, ఒన్ని, నూనా అనునవి కలవు. బంధువాచకము దేశాంతరమున బంధుత్వమును వదలి మురిపెమును మాత్రమే నిలుపుకొన్నది. ఆ మాటను పరదేశీయులు వాడదగునా యనునది సైతము అభిమానుల నడుమ ఒక వివాదమే.

కర్తృత్వ వాదము

పాటను ఐడల్ స్వయముగా కూర్చినచో గౌరవ మధికమనియు, ఇతరులు కూర్చినది పాడినచో తక్కువయనియు ఒక పక్షము వాదించును. 2006లో వచ్చిన బిగ్‌బ్యాంగ్ బృందమున జి-డ్రాగన్, 2015లో వచ్చిన సెవెన్టీన్ బృందమున వూజీ తమ బృందముల పాటలను కూర్చుటలో ముఖ్యులగుట ఈ పక్షమునకు బలము. ఎదుటి పక్షము గర్ల్స్ జెనరేషన్ బృందమును చూపును. 2009లో వారికి పేరు తెచ్చిన 'జీనీ' పాట స్వరరచనలో నార్వే దేశీయుల పాలు కలదు. అయినను ఆ పాటను ప్రజల కన్నులలో నిలిపినది ఆ తొమ్మండుగురి నృత్యము, అభినయమునే గదా యని వారి ప్రశ్న.

భారతీయ పాఠకునకు ఈ తగవు క్రొత్తది కాదు. శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున మాటలను, స్వరరచనను రెండింటిని కూర్చువానిని వాగ్గేయకారుడని నిర్వచించి, ఆ స్థానమును వేరుగా నిలిపెను. అట్లని క్షేత్రయ్య పదమును అభినయించిన నర్తకిని, ఆమె పదకర్త్రి కాదను కారణమున, ఎవరును చిన్నచూపు చూడలేదు. రచన యొక విద్య, ప్రయోగ మొక విద్య. కె-పాప్ వాదములలో ఈ రెండు విద్యలను ఒకే తూనికరాళ్లతో తూచుట వలన చిక్కు వచ్చుచున్నది. గానమును గూర్చిన తగవు ఇట్టిదే. ప్రసారమునుండి వాద్యసంగీతమును తొలగించి, మిగిలిన కంఠస్వరమును మాత్రము వినిపించి పరీక్షించుట అభిమానులలో వాడుక. 2024 ఏప్రిలులో కాలిఫోర్నియాలోని కోచెల్లా ఉత్సవమున లె సెరాఫిమ్ బృందము పాడిన తీరుపై విమర్శలు చెలరేగినపుడు, నర్తించుచు పాడువానినుండి నిలిచి పాడువాని స్వరశుద్ధిని కోరవచ్చునా యను ప్రశ్న మరల లేచినది.

భాషావాదము

2020 ఆగస్టులో బి.టి.ఎస్. బృందము పూర్తిగా ఆంగ్లమున పాడిన 'డైనమైట్' అమెరికాలోని బిల్‌బోర్డ్ పాటల పట్టికలో మొదటి స్థానము పొందెను. దానిని వ్రాసినవారు ఆంగ్ల రచయితలు. పలువురు సంతోషించిరి, కొరియా మాటలను వదలి గెలిచిన గెలుపు ఎవరిదని కొందరు వ్యథ చెందిరి. అదే సంవత్సరాంతమున, అధిక భాగము కొరియా భాషలో నున్న 'లైఫ్ గోస్ ఆన్' అదే పట్టికలో మొదటి స్థానమున నిలిచినది. అట్టి పాటకు ఆ స్థానము దక్కుట అదియే ప్రథమము. రెండు పక్షముల వారికిని ఒక్కొక్క దృష్టాంతము దొరకినది గాని వాదము ముగియలేదు.

భాషనుండి ప్రశ్న జాతీయతకు మరలినది. ఒడిశాలోని రూర్కెలాకు చెందిన శ్రేయా లెంకా 2022లో బ్లాక్‌స్వాన్ బృందమున చేరి, కె-పాప్ బృందములో స్థానము పొందిన తొలి భారతీయురాలిగా పేరొందెను. 2023 నాటికి ఆ బృందమున కొరియా జాతీయులొక్కరును లేరు. పాట కొరియా భాషలో నున్నది, శిక్షణ కొరియాలో జరిగినది, రంగము కొరియాది. పాడువారు మాత్రము అన్యదేశీయులు. ఇది కె-పాప్ అగునా? 2024లో తొలి పాటలు వెలువరించిన క్యాట్సై బృందము విషయమున ప్రశ్న తలక్రిందులైనది. శిక్షణ పద్ధతి కొరియా సంస్థది. భాష ఆంగ్లము, నెలవు అమెరికా. ఇచ్చట 'కె' యను అక్షరము దేశమును తెలుపునా, భాషను తెలుపునా, ప్రక్రియను తెలుపునా యనునది సంజ్ఞానిర్ణయ సమస్య. భారతీయాంగ్ల సాహిత్యము ఏ సాహిత్యమున చేరునని తర్కించినవారు దీనిని సులభముగా గ్రహింతురు.

సంఖ్యావాదము

గుణమును సంఖ్యతో నిరూపించుట కె-పాప్ వాదములలో మిక్కిలి వాడుకలో నున్న ప్రమాణము. ఎన్ని ఆల్బములు అమ్ముడైనవి, పట్టికలో ఎన్నవ స్థానము, ఎన్నిసార్లు చూడబడినది యని లెక్కలు చూపుదురు. అయితే ఈ సంఖ్యలు అభిమానులు కలసికట్టుగా శ్రమించి పెంచినవే. ఒకే ఆల్బమును పెక్కు ప్రతులుగా కొనుట సామాన్యము. ప్రతి ఆల్బములోను ఐడల్ బొమ్మ యొకటి యుండుటయు, ఎవరి బొమ్మ వచ్చునో తెలియకపోవుటయు దీనికి ప్రేరకములు. ఈ వృథాను ఎదిరించుచు అభిమానులే 2021లో 'కెపాప్ ఫర్ ప్లానెట్' అను ఉద్యమమును స్థాపించిరి.

సంఖ్యపై విశ్వాసము కూలిన సందర్భ మొకటి కలదు. ఎంనెట్ టెలివిజను 2016లో ఆరంభించిన 'ప్రొడ్యూస్ 101' కార్యక్రమమున, శిక్షితులలోనుండి బృందమును ఎన్నుకొను అధికారము ప్రేక్షకులకే యిచ్చి, వారిని 'జాతీయ నిర్మాతలు' అని సంబోధించిరి. 2019లో నాల్గవ భాగపు తుది ఫలితములు వెలువడగా అభిమానులు ఓట్ల లెక్కను శోధించిరి. స్థానముల నడుమ వ్యత్యాసము 29,978 అను సంఖ్యగా పలుమార్లు పునరుక్తమగుట వారి కంటబడినది. వారు ఫిర్యాదు చేసిరి, విచారణ జరిగినది, నాలుగు భాగములలోను ఓట్లు తారుమారైనట్లు తేలి, 2020లో ప్రధాన నిర్మాతకు రెండేండ్ల కారాగార శిక్ష విధింపబడినది. పాఠపరిష్కర్త ప్రతులలోని దోషసామ్యమును బట్టి మూలమును పట్టునట్లు, అభిమానులు అంకెల సామ్యమును బట్టి మోసమును పట్టిరి. అంతటి శ్రద్ధ ఏ ప్రశ్నపై నిలుచునో దానిని బట్టి దాని విలువ యేర్పడును.

హక్కును గూర్చిన వాదము

అభిమానుల విమర్శ కృతిపై నిలిచినపుడు మేలు చేసిన సందర్భములు కలవు. బి.టి.ఎస్. పాటలలో కొన్ని మాటలు స్త్రీలను కించపరచునవిగా నున్నవని కొరియాలోని అభిమానులే యెత్తిచూపగా, 2016లో వారి సంస్థ క్షమాపణ తెలిపెను. 2018లో జపాను గీతరచయిత అకిమొతో యాసుషి రచనలలోని స్త్రీచిత్రణపై అభ్యంతరములు రాగా, ఆయనతో తలపెట్టిన పాటను ఆ సంస్థయే విరమించుకొనెను.

కృతిని దాటి మనిషిపైకి పోయినపుడు ఫలితము వేరు. 2020 జనవరిలో ఎక్సో బృందమునందలి చెన్ తన వివాహ వార్తను తెలుపగా, అభిమానులలో ఒక వర్గము అతడు బృందమును వీడవలెనని సియోల్‌లో ప్రదర్శన జరిపెను. 2024లో ఎస్పా బృందమునందలి కరీనా ఒక నటునితో స్నేహమున నున్నదని తెలియగా, కొందరు సంస్థ కార్యాలయము నెదుట నిరసన వాక్యములు గల ట్రక్కును నిలిపిరి. ఆమె స్వహస్తముతో క్షమాపణ లేఖ వ్రాయవలసి వచ్చినది. ఇక ద్వేషోక్తుల ఫలితము మరింత దారుణము. సల్లీ అను గాయని వానికి చాలకాలము గురియై యుండెను. 2019 అక్టోబరులో ఆమె మరణించిన పిదప, దౌమ్ సంస్థ వినోద వార్తల క్రింద పాఠకుల వ్యాఖ్యలను నిలిపివేసెను. 2020లో నేవర్ సంస్థయు అట్లే చేసెను.

అదే అభిమానులు ఐడల్ పక్షమున నిలిచి ధర్మప్రశ్నను లేవనెత్తుటయు కలదు. 2009లో టి.వి.ఎక్స్.క్యూ. బృందమునందలి ముగ్గురు తమ 13 ఏండ్ల ఒప్పందముపై న్యాయస్థానమున కెక్కినపుడు, అభిమానులలో పెద్దభాగము వారికి బాసటయైనది. ఆ సంవత్సరమే కొరియా న్యాయవాణిజ్య సంఘము ఆదర్శ ఒప్పందమును ప్రకటించి, ఏడేండ్లను పరిమితిగా సూచించెను. 2024లో న్యూజీన్స్ బృందమునందలి హాని పనిచేయు చోట అవమానమునకు గురియైనదని కార్మిక శాఖకు ఫిర్యాదు చేసినది ఒక అభిమానియే. అక్టోబరులో హాని జాతీయ శాసనసభా సంఘము నెదుట సాక్ష్యమిచ్చెను. నవంబరులో కార్మిక శాఖ, ఐడల్ కార్మిక ప్రమాణముల చట్టము ప్రకారము కార్మికుడు కాడని చెప్పి ఫిర్యాదును ముగించెను. నియతమైన పనివేళలు లేవనునది చూపిన కారణములలో నొకటి. ఐడల్ కళాకారుడా, కార్మికుడా, సరకా యను ప్రశ్న ఇట్లు చట్టమువరకు పోయి, తీరక నిలిచినది.

ఉపసంహారము

తెలుగునాట సినిమా నటుల అభిమానులలో భక్తియు ధిక్కారమును కలసియుండునని ఎస్.వి. శ్రీనివాస్ పరిశోధనలు ఇదివరకే చూపినవి. కె-పాప్ అభిమాని యందును ఆ రెండు కలవు. దానికి తోడు అతడు మూడు పాత్రలను ఒకేమారు ధరించుచున్నాడు: పాటను విని ఆనందించునపుడు రసికుడు, ఆల్బమును కొనునపుడు క్రేత, బృందమును ఎన్నుకొనునపుడు ఓటరు. మన ఆలంకారికులు చెప్పిన సహృదయుడు కావ్యానుశీలనము వలన అర్హత పొందునే గాని మూల్యము చెల్లించి కాదు. కవి గృహస్థ జీవితమును శాసించు హక్కు అతనికి లేదు. కె-పాప్ వాదములలోని కలుషము చాలవరకు ఒక పాత్రకు చెందిన హక్కును మరియొక పాత్రలో చెలాయించుట వలన పుట్టినదే. కొన్నవాడు ఆల్బములోని లోపమును అడుగవచ్చును, ఓటు వేసినవాడు లెక్కను అడుగవచ్చును, విన్నవాడు పాటను విమర్శింపవచ్చును. వీరిలో నెవరికిని గాయని యెవరితో స్నేహము చేయవలెనో నిర్ణయించు హక్కు సంక్రమింపదు.

2020 నాటి జాతీయ విద్యావిధానము మాధ్యమిక దశలో నేర్వదగిన విదేశ భాషలలో కొరియా భాషను పేర్కొన్నది. మన విద్యార్థులలో పలువురు ఆ భాషను పాటల ద్వారా ముందే కొంత విని వచ్చుచున్నారు. వారికి కర్తృత్వ, భాషా, ప్రమాణ విచారములు బోధించునపుడు, వారు ప్రతిదినము చేయుచున్న వాదములనుండియే ఆరంభించుట ఉపాధ్యాయునకు వీలగును.